హబ్బునకు బలమెక్కడిది?

లాప్‌టాప్ కంప్యూటర్లు ఏటేట పలుచనగుచు, వాని ప్రక్కలనుండు యూఎస్‌బీ పోర్టులు నాలుగునుండి మూడునకును, మూడునుండి రెండునకును తగ్గుచు వచ్చుచుండగా, వానికి తగిలింపవలసిన పరికరములు మాత్రము పట్టణములలోనే గాక పల్లెలలో సైతము నానాటికి పెరుగుచున్నవి. గుర్రంకొండ వంటి మండలకేంద్రమున ఒక మీసేవ కేంద్రమునందో, సచివాలయమునందో, ఆన్‌లైను దరఖాస్తులు నింపి యిచ్చు జీరాక్సు దుకాణమునందో కొంత తడవు నిలిచి చూచినవారికి, ఒక్క కంప్యూటరును ఆశ్రయించి ప్రింటరు, స్కానరు, వేలిముద్రల యంత్రము, వెబ్‌కెమెరా, మౌసు, డిజిటల్ సంతకపు టోకెను, వచ్చినవారు చొక్కాజేబులోనుండి తీసి యిచ్చు పెన్‌డ్రైవు ఎట్లు వరుస కట్టి నిలిచియున్నవో కన్నులకు కట్టును. ఈ యిరుకును తీర్చుకొనుటకై జనులు కొనునదే యూఎస్‌బీ హబ్బు. కొన్ని వందల రూపాయలనుండి కొన్ని వేల రూపాయల వరకు పలుకు ఈ వస్తువును కొనునపుడు దుకాణమున వినవచ్చు ప్రశ్న దాదాపుగా ఒక్కటే: నాలుగు పోర్టులదా, ఏడు పోర్టులదా? ఈ ప్రశ్నను చిట్టచివర అడుగవలెననియు, ఆ హబ్బు తన విద్యుత్తును ఎచ్చటనుండి తెచ్చుకొనును, ఒక్కొక్క పరికరమునకు ఎంత యీయగలదు అను ప్రశ్నను మొట్టమొదట అడుగవలెననియు నా దృఢాభిప్రాయము.

అరచేతిలో నిముడు వస్తువును గూర్చి పత్రికలో నింత దీర్ఘముగా వ్రాయనేల యని యెవరైన నడుగవచ్చును. 2011 నవంబరు 4వ తేదీన తిరుపతిలో మీసేవ ప్రారంభమైనపుడు నాటి చిత్తూరు జిల్లాయే దానికి తొలి క్షేత్రము. గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పము నాలుగును నాడు ఆ జిల్లాలోనివే. అడంగలు నకళ్లు, కుల ధ్రువీకరణములు, ఆదాయ ధ్రువీకరణములు, జనన మరణ పత్రములు, ఇట్టివెన్నియో కచేరీ గుమాస్తా కాగితపు కట్టలలోనుండి కంప్యూటరు తెరమీదికి క్రమక్రమముగా వచ్చినవి. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయముల వ్యవస్థ ఆరంభమైన పిదప అట్టి కంప్యూటరు బల్ల ప్రజలకు మరింత చేరువైనది. ఆ బల్లమీది పరికరములలో నేది మొరాయించినను పని నిలుచును. పని నిలిచినచో ఆనాటి కూలి మానుకొని ఐదారు మైళ్ల దూరమునుండి వచ్చిన మనుష్యుడు మరునాడు మరల రావలసియుండును. అతడు పోగొట్టుకొను దినకూలి చిన్నది కాదు. కావున ఇది అలంకారప్రాయమైన వస్తువును గూర్చిన ముచ్చట కాదు; సామాన్యుని కాలమును గూర్చిన విషయము.

యూఎస్‌బీ యను కట్టుబాటు 1996 జనవరిలో వెలువడినది. అంతకు పూర్వము ప్రింటరునకొక తీరు, మౌసునకొక తీరు, మోడెమునకు మరియొక తీరు తీగెలును ముండ్లును ఉండెడివి; ఒకదానికి తగినది మరియొకదానికి తగెడిది కాదు. ఇంటెల్ సంస్థలో ఈ కల్పనకు ముఖ్యకారకులలో నొకరైన అజయ్ భట్ బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదువుకొన్నవారగుట భారతీయులకు సంతోషకరమైన సంగతి. సమాచారమును, విద్యుత్తును ఒకే తీగెలో నడపుట ఈ కల్పనలోని గొప్ప సౌలభ్యము. పెన్‌డ్రైవునకు వేరొక ప్లగ్గు అక్కరలేకపోవుటయు, తీగె మౌసునకు బ్యాటరీ అవసరము లేకపోవుటయు దీనివలననే. హబ్బులమీద హబ్బులను చేర్చుకొనుచు, ఆ హబ్బులతో కలిపి 127 పరికరముల వరకు ఒకే నియంత్రకము క్రింద నిలుపవచ్చునని నిబంధనలు చెప్పుచున్నవి. సమాచారమునకు సంబంధించినంతవరకు ఈ మాట సత్యమే. విద్యుత్తు దగ్గరకు వచ్చునప్పటికి కథ వేరు.

లాప్‌టాప్ ప్రక్కనున్న యూఎస్‌బీ 2 పోర్టు 5 వోల్టులవద్ద 500 మిల్లీఆంపియర్ల కరెంటు నీయవలెననియు, లోపల సామాన్యముగా నీలిరంగుతో కనబడు యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఈయవలెననియు నియమము. సొంత విద్యుత్తు లేని హబ్బు ఆ పోర్టునుండి వచ్చినదానినే పంచవలెను గాని తనంత తాను ఒక్క మిల్లీఆంపియరునైనను కల్పింపజాలదు. చెరువునకు తూములు పెంచినంత మాత్రమున నీరు పెరుగదని ఈ సీమలోని రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే రైతుబిడ్డ దుకాణమునకు పోయి ఏడు పోర్టుల హబ్బును చూచి, నాలుగు పోర్టులదానికంటె ఇది బలమైనదని భ్రమించుటయే విచారకరము. యూఎస్‌బీ 2 నిబంధనను అనుసరించి చూచినచో, వచ్చిన 500 మిల్లీఆంపియర్లలో హబ్బు తన నిమిత్తము 100 ఉంచుకొని, మిగిలిన 400ను నాలుగు పోర్టులకు నూరేసి చొప్పున పంచవలెను. నూరు మిల్లీఆంపియర్లతో మౌసు నడచును, కీబోర్డు నడచును, అంతకుమించి యాశింపరాదు. చవుక హబ్బులలో పెక్కింటికి ఈ పంపకపు క్రమమైనను లేదు. అడిగిన పరికరమునకు అడిగినంత, ఉన్నంతవరకు వదలుచుండును. అప్పుడు 5 వోల్టులుగా నుండవలసిన పీడనము క్రమముగా దిగజారును. హబ్బు పోర్టువద్ద అది 4.4 వోల్టులకంటె తగ్గరాదని నిబంధన; తగ్గినపిదప పరికరము నడుమ నడుమ మాయమగుచు, మరల ప్రత్యక్షమగుచు, కంప్యూటరునుండి ‘టింగు’మను శబ్దమును మాటిమాటికి వినిపించుచు ఆపరేటరును వేధించును. తీగె సన్ననిదైనను, అవసరమునకు మించి పొడవైనదైనను ఈ పతనము మరింత అధికమగును.

ఏ పరికరము ఎంత కోరునో తెలిసినవారికి సగము చిక్కు తీరినట్లే. చూచుటకు పెద్దదిగా నుండు ప్రింటరు గోడ ప్లగ్గునుండి తన కరెంటును తానే తెచ్చుకొనును గనుక యూఎస్‌బీ తీగె ద్వారా సమాచారమును తప్ప మరేమియు విశేషముగా కోరదు. దానిని ఏ హబ్బునకు తగిలించినను విద్యుత్తునకు సంబంధించిన బాధ లేదు. అరచేతిలో పట్టు బాహ్య హార్డ్‌డిస్కు అట్టిది కాదు; దాని లోపలి పళ్లెము తిరుగ నారంభించు క్షణమున అది ఒక్కసారిగా అధికమైన కరెంటును లాగును. వేలిముద్రల యంత్రము వ్రేలిపై వెలుగును ప్రసరింపవలెను. ఆధార్ నమోదునందు వాడు స్కానరు ఒక చేతి నాలుగు వ్రేళ్లను ఒక్కమారే పట్టవలెను. కనుపాపలను చిత్రించు కెమెరా కంటికి కనబడని పరారుణ కాంతిని తానే వెదజల్లవలెను. వెలుగు నిచ్చు పరికరమునకు విద్యుత్తు కావలెనన్నది చిన్నపిల్లవానికిని తెలిసిన మాటయే. ఇట్టివానిని రెండింటిని, వానితో హార్డ్‌డిస్కును, సొంత బలము లేని ఒకే హబ్బునకు కట్టిపెట్టుట అన్యాయము. అది పరికరములకంటె ఎక్కువగా, ఎదుట నిలిచిన మనుష్యునకు జరుగు అన్యాయము.

ఈ తుదిమాటను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె నేతగాని వ్రేళ్లు పట్టునూలు లాగిలాగి నునుపుదేరియుండును; టమాట తోటలలో కూలి చేయువారి వ్రేళ్లు మట్టితోను ఎరువులతోను గరుకుబారి రేఖలు చెదరియుండును; వృద్ధుల వ్రేళ్ల సంగతి చెప్పనే యక్కరలేదు. ఇట్టివారి వేలిముద్రలు కలియకపోవుట నిజముగానే తరచు జరుగుచుండును గనుక, యంత్రము పనిచేయని ప్రతిపర్యాయమును లోపము వ్రేలిదే యని నమ్ముట ఆపరేటర్లకును, వచ్చినవారికిని అలవాటైపోయినది. కాని ముద్ర కలియలేదని తెర చెప్పుటయు, పరికరము సిద్ధముగా లేదని తెర చెప్పుటయు వేర్వేరు సంగతులు. మొదటిది వ్రేలికిని ఆధార్‌లోని పూర్వముద్రకును గల సంబంధమును గూర్చినది. రెండవది యంత్రమునకును కంప్యూటరునకును గల సంబంధమును గూర్చినది. రెండవది కనబడినపుడు ముసలమ్మను చేయి కడుగుకొని రమ్మనుటయు, నూనె రాచుకొమ్మనుటయు, వ్రేలిని మరింత గట్టిగా నొక్కుమనుటయు వ్యర్థము. ఆ స్కానరును హబ్బునుండి తీసి లాప్‌టాప్ పోర్టునకే నేరుగా తగిలించి చూడవలెను. అప్పుడది నిలకడగా నడచినచో దోషము ఎవరిదో తేలిపోవును. ఒక నిమిషములో చేయదగిన ఈ పరీక్షను ప్రతి ఆపరేటరును నేర్చుకొనవలెనని నేను మనసార కోరుచున్నాను. తన శరీరమే తన్ను నిరూపింపలేకపోయినదని ఒక వృద్ధురాలు అనుకొని తల వంచుకొని పోవుట, అందులకు కారణము ఒక చవుక హబ్బులోని కరెంటు కొరతయైనపుడు, చూచి ఊరకుండదగిన విషయము కాదు.

అందుచేత కచేరీలకును, మీసేవ కేంద్రములకును, పది పరికరములతో పని గల దుకాణములకును సొంత అడాప్టరు గల హబ్బే తగినది. అయితే అడాప్టరు ఉన్నదన్న మాటతో తృప్తిపడరాదు. దానిపై అచ్చువేసిన అంకెలను చదువవలెను. ఏడు పోర్టుల హబ్బుతో 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరునిచ్చి అమ్మువారున్నారు. 2,000 మిల్లీఆంపియర్లను ఏడింటికి పంచినచో ఒక్కొక్కదానికి సుమారు 285 మాత్రమే వచ్చును. యూఎస్‌బీ 3 నియమము ప్రకారము ఒక్కొక్కటి 900 కోరవచ్చును గనుక, ఏడింటికిని పూర్తిగా నీయవలెనన్నచో 6.3 ఆంపియర్లు, అనగా 30 వాట్లకు పైబడిన అడాప్టరు కావలెను. నాలుగు పోర్టుల హబ్బునకు 5 వోల్టుల, 4 ఆంపియర్ల అడాప్టరున్నచో ఆ లెక్క చక్కగా సరిపోవును. నేనైతే బలహీనమైన అడాప్టరు గల ఏడు పోర్టుల హబ్బును విడిచి, బలమైన అడాప్టరు గల నాలుగు పోర్టుల హబ్బునే కొందును. అడాప్టరుమీద భారత ప్రమాణముల సంస్థ గుర్తును, ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను ఉండవలెను. కంప్యూటర్ల కొరకైన అడాప్టర్లకు ఈ నమోదు ప్రభుత్వపు టుత్తర్వువలన నిర్బంధమైనది, ఆ సంఖ్య నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనను చూచుకొనవచ్చును. మరియొక జాగ్రత్త గలదు. నాసి హబ్బులు కొన్ని తమ అడాప్టరు కరెంటును క్రిందనున్న పరికరములకే గాక, పైతీగె ద్వారా లాప్‌టాప్‌లోనికిని ఎదురు నడపును. ఇది నిబంధనలకు విరుద్ధము, యంత్రమునకు హానికరము. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు తీసివేసి, కరెంటు గల హబ్బును దానికి తగిలించినపుడు లాప్‌టాప్‌లో ఏ దీపమైన వెలిగినచో ఆ హబ్బును అంగడికి తిరిగి పంపుటయే మేలు.

మన సీమలో సొంత అడాప్టరు గల హబ్బునకు ఒక చిక్కు లేకపోలేదు. కరెంటు పోయినపుడు లాప్‌టాప్ తన బ్యాటరీతో నడచుచునే యుండును. గోడ ప్లగ్గునకు కట్టిన హబ్బు మాత్రము ఆ క్షణమే పడిపోవును, లేక హఠాత్తుగా లాప్‌టాప్ కరెంటుమీద ఆధారపడి దానిక్రింది పరికరములన్నిటిని ఒక్కసారి విడిచి మరల పట్టుకొనును. ఆ సమయమున హార్డ్‌డిస్కునకు ఫైళ్లు ఎక్కుచున్నచో అవి చెడుటకు అవకాశము గలదు. ఆధార్ నమోదు సగములో నున్నచో మొదటినుండి ఆరంభింపవలసివచ్చును. ఇన్వర్టరు పెట్టుకొనువారు దీపములకును ఫ్యానునకును దాని తీగె లాగి, హబ్బు అడాప్టరును మరచుచుందురు. కేంద్రమున ఇన్వర్టరో యూపీఎస్సో ఉన్నచో మొట్టమొదట దానికి కట్టవలసినది ఈ అడాప్టరే. అది కోరునది ఇరువది ముప్పది వాట్లు మాత్రమే.

పరికరములకంటె ముందు విద్యుత్తును గూర్చి యోచింపవలెనను వివేకము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో చేతులు కలిపి కుప్పమున ‘ఐ-కమ్యూనిటీ’ యను పథకమును మూడేండ్ల కాలపరిమితితో ఆరంభించి గ్రామములలో సమాచార కేంద్రములను నెలకొల్పినది. ఆ పథకములో నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచు భాగము ఆ కేంద్రములు కాదు. స్వయంసహాయక సంఘములకు చెందిన కొందరు స్త్రీలు డిజిటల్ కెమెరాను, చిన్న ప్రింటరును, వానికి బలమునిచ్చు సౌరఫలకమును వెంటగొని ఊరూర తిరిగి, గుర్తింపు కార్డులకును, శుభకార్యములకును ఫొటోలు తీసి, అక్కడికక్కడనే అచ్చువేసి యిచ్చి జీవనోపాధి గడించిన వృత్తాంతము. ఆ సామగ్రిని కూర్చినవారు కెమెరా యెంత గొప్పది, ప్రింటరు ఎంత వడిగలది అని చూచుటతో ఆగక, కరెంటు లేని ఊరిలో ఇవి దేనితో నడచును అను ప్రశ్నకు సమాధానమును ఆ సంచిలోనే పెట్టి పంపిరి. రెండు దశాబ్దములు గడచినను మన కచేరీలకు పరికరములు పంపువారు ఆ ప్రశ్నను తగినంతగా అడుగుట లేదు.

వేగమును గూర్చి దుకాణములలో చెప్పు మాటలు పెక్కు. 2000 సంవత్సరమున వచ్చిన యూఎస్‌బీ 2 వేగము సెకనుకు 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3 వేగము 5 గిగాబిట్లు, అనగా పదిరెట్లకు పైగా. ఈ అంకెలు నిజమైనవే. అయితే యూఎస్‌బీ 3 హబ్బు లోపల పాత పరికరములకొక మార్గము, క్రొత్త పరికరములకు వేరొక మార్గము విడివిడిగా నుండునను సంగతి కొనువారికి చెప్పువారు అరుదు. వేలిముద్రల యంత్రము, ప్రింటరు, సామాన్యమైన వెబ్‌కెమెరా, మౌసు, ఇవన్నియు ప్రాయికముగా యూఎస్‌బీ 2 పరికరములే. వానిని యూఎస్‌బీ 3 హబ్బునకు తగిలించినను అవన్నియు కలిసి ఆ 480 మెగాబిట్ల మార్గముననే పోవలెను గాని, ప్రక్కనున్న విశాలమైన మార్గము వానికి తెరువబడదు. పెద్ద ఫైళ్లను హార్డ్‌డిస్కునకు ఎక్కించు ఫొటో స్టూడియోవారికి యూఎస్‌బీ 3 ప్రాణప్రదము. మీసేవ బల్లకు దానివలన వేగములో ఒరుగునది స్వల్పము. సొంత అడాప్టరు లేని హబ్బునే కొనవలసివచ్చినవారికి మాత్రము యూఎస్‌బీ 3 హబ్బు వేరొక కారణముచేత మేలు: నీలిరంగు పోర్టునకు తగిలించినపుడు అది 500 బదులు 900 మిల్లీఆంపియర్లను పంచుకొనగలదు.

తీగె లేని మౌసు వాడువారికి ఒక మాట. యూఎస్‌బీ 3 తీగెలనుండియు పోర్టులనుండియు వెడలు విద్యుత్ కల్లోలము 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున నుండు రేడియో సంకేతములకు అడ్డు తగులునని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రమున వివరించినది. మౌసు గ్రాహకము పనిచేయునదియు ఆ ప్రాంతముననే. దానిని హార్డ్‌డిస్కు ప్రక్కపోర్టునకు తగిలించి, బాణపుగుర్తు తెరమీద తడబడుచున్నదని మౌసును నిందించువారు ఆ గ్రాహకమును దూరమునున్న పోర్టునకు మార్చి చూడవలెను.

ఇక టైప్-సి హబ్బులు. 2014లో వచ్చిన టైప్-సి ముక్కులో 24 స్పర్శస్థానములున్నవి. తలక్రిందుగా పెట్టినను పట్టును. భారత ప్రమాణముల సంస్థ 2023లో దీనికి భారత ప్రమాణమును ప్రకటించినది. ఐరోపా సమాఖ్యలో 2026 ఏప్రిల్ 28నుండి క్రొత్త లాప్‌టాప్‌లకు టైప్-సి చార్జింగు నిర్బంధము. కావున రాబోవు కాలము దీనిదే. అయినను ముక్కు ఒక్కటే యైనంత మాత్రమున దాని వెనుకనున్న శక్తులు ఒక్కటి కావు. పుంగనూరులోని ఒక ఉపాధ్యాయుడు తరగతిలో ప్రొజెక్టరునకు బొమ్మ చూపుటకై హెచ్‌డీఎంఐ గల టైప్-సి హబ్బును కొని తెచ్చుకొనవచ్చును. అతని లాప్‌టాప్‌లోని టైప్-సి పోర్టు సమాచారమునకు మాత్రమే ఏర్పడినదైనచో ఆ హబ్బునుండి ఎన్నటికిని బొమ్మ రాదు. లాప్‌టాప్ తయారీదారు పత్రమున ‘డిస్‌ప్లేపోర్ట్’ అను మాట ఆ పోర్టునకు ఎదురుగా ఉన్నదో లేదో చూచి, లేక పోర్టు ప్రక్కన ఆ గుర్తో థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో కలదేమో పరిశీలించి, ఆ పిదప ధనము చెల్లింపవలెను. మన దేశమున తక్కువ ధరకు అమ్ముడగు లాప్‌టాప్‌లలో పెక్కు గుండ్రని ముల్లు గల చార్జరుతోనే వచ్చుచున్నవి. వాని టైప్-సి పోర్టు చార్జింగును స్వీకరింపని సందర్భములు గలవు. స్వీకరించువానియందును, హబ్బు ద్వారా చార్జి చేయునపుడు హబ్బు తన నిమిత్తమును తన క్రిందివాని నిమిత్తమును కొన్ని వాట్లు మినహాయించుకొని మిగిలినదానినే లాప్‌టాప్‌నకు పంపును. 65 వాట్ల చార్జరునకు 65 వాట్లును లాప్‌టాప్‌నకు చేరునని తలచువారు నిరాశ చెందుదురు.

మదనపల్లెకు సమీపమున అంగళ్లులో 1998లో నెలకొన్న సాంకేతిక విద్యాసంస్థవంటి కళాశాలలలో చదువు విద్యార్థులకు హబ్బువలన వేరొక ప్రయోజనము గలదు. ఆర్డుయినో వంటి చిన్న బోర్డులకు మోటార్లును దీపములును కట్టి నేర్చుకొనునపుడు తీగెలు తారుమారగుటయు, ప్రమాదవశమున కలియుటయు సహజము. ఆర్డుయినో ఊనో బోర్డులో 500 మిల్లీఆంపియర్లు దాటనీయని రక్షణ యున్నది. అన్ని బోర్డులకును, చేతితో కట్టుకొన్న వలయములకును ఆ రక్షణ ఉండదు. తండ్రి అప్పు చేసి కొనిపెట్టిన లాప్‌టాప్ పోర్టునకు ఆ వలయమును నేరుగా తగిలించుటకంటె, పోర్టునకొక స్విచ్చును, అధిక కరెంటునుండి రక్షణను గల హబ్బును నడుమ నుంచుట మేలు. చెడినచో హబ్బు చెడును. విద్యార్థి కొనదగిన వస్తువులలో దీనిని నేను గ్రంథములతో సమానముగా ఎంచుదును.

అందరికిని హబ్బు కావలెనని నా మతము కాదు. మౌసు, పెన్‌డ్రైవు తప్ప వేరు పరికరము లేనివారు దానికై ధనము వెచ్చింపనక్కరలేదు. ఇప్పటికే చవుక హబ్బు కొన్నవారు దానిని పారవేయనక్కరలేదు. అధిక విద్యుత్తును కోరు స్కానరును, హార్డ్‌డిస్కును లాప్‌టాప్ పోర్టులకే నేరుగా తగిలించి, మౌసు, కీబోర్డు, ప్రింటరు, సంతకపు టోకెను వంటి సాధువులను ఆ హబ్బునకు అప్పగించినచో ఖర్చు లేకయే సగము బాధ తీరును. క్రొత్తగా కొనువారు దుకాణమునకు పోవుటకు ముందు తమ పరికరముల పేర్లను ఒక కాగితముమీద వ్రాసికొని, ఒక్కొక్కదాని అడుగున అచ్చువేసియున్న మిల్లీఆంపియర్ల అంకెను దాని ప్రక్కన వ్రాసి, ఆ మొత్తమును కూడి, హబ్బు అడాప్టరు ఆ మొత్తముకంటె అధికముగా నీయగలదో లేదో చూచి కొనవలెను. ఆ తరువాతనే పోర్టుల సంఖ్య.

ఇంతవరకు కొనువారికి చెప్పితిని. అమ్మువారికిని, ప్రభుత్వమునకును చెప్పవలసినది మిగిలియున్నది. హబ్బు పెట్టెమీద పోర్టుల సంఖ్యయు, గిగాబిట్ల సంఖ్యయు పెద్ద అక్షరములతో కనబడును. ఒక్కొక్క పోర్టు ఎంత కరెంటు నీయగలదను అంకె చాలా పెట్టెలమీద ఉండనే యుండదు. ఆ అంకెను, అడాప్టరు ఆంపియర్లను ముఖభాగముననే అచ్చువేయవలెనని నిబంధన రావలెను; ఈ రాష్ట్రమున అమ్ముడగు పెట్టెలమీద అవి తెలుగులోను ఉండవలెను. సచివాలయములకు వేలిముద్రల యంత్రములు, ప్రింటర్లు, కెమెరాలు కొని పంపు శాఖలు ప్రతి పరికరమునకును విడివిడిగా నిబంధనలు వ్రాయుటతో ఆగక, ఇవన్నియు ఒకే లాప్‌టాప్‌మీద ఒకే క్షణమున ఎట్లు నడచును అను విషయమును కొనుగోలు పత్రములలో ముందుగా తేల్చుకొనవలెను. పరికరముల జాబితా చివర ‘తగిన అడాప్టరు గల హబ్బు, దానికి యూపీఎస్ ప్లగ్గు’ అను ఒక్క పంక్తిని చేర్చుటకు క్రొత్త పథకము అక్కరలేదు, క్రొత్త శాఖ అక్కరలేదు. గుర్రంకొండ మండలములోని ఏ సచివాలయమునందైనను ఒక అధికారి తనిఖీకి వచ్చినపుడు, రిజిస్టర్లు చూచుటతోపాటు, ఆ బల్ల క్రిందికి వంగి వేలిముద్రల యంత్రపు తీగె ఎక్కడికి పోవుచున్నదో ఒక్కమారు చూడవలెనని నా విన్నపము. అది అడాప్టరు లేని హబ్బులోనికి పోవుచున్నచో, దానిని అక్కడినుండి తీసి లాప్‌టాప్‌నకు తగిలించు అధికారము ఆ అధికారికి ఆ క్షణముననే కలదు.